డిశ్చార్జ్ అయ్యాక మళ్లీ వార్డుకి రానివాళ్లు బాగున్నట్టేనా? థీసిస్ లెక్కల్లో సాయం కావాలి

వంశధార_పీజీ, శ్రీకాకుళం:
అందరికీ నమస్కారం. నేను సైకియాట్రీ పీజీ రెండో ఏడాది. మానసిక వార్డు నుంచి డిశ్చార్జ్ అయిన వాళ్లలో ఎవరు మళ్లీ చేరుతున్నారు, ఎందుకు చేరుతున్నారు అన్నది నా థీసిస్. రెండేళ్ల డిశ్చార్జ్ రిజిస్టర్ మొత్తం ఎక్సెల్‌లోకి ఎక్కించాను. స్కిజోఫ్రీనియా, బైపోలార్, మద్యం వల్ల వచ్చిన సమస్యలు, అన్నీ కలిపి రెండు వందల పైచిలుకు పేర్లు.

గైడ్ సార్ చెప్పినట్టు 30 రోజుల్లో మళ్లీ చేరారా లేదా అని అవును, కాదు రాసి లాజిస్టిక్ రిగ్రెషన్ (అవును, కాదు అన్న ఫలితానికి ఏ కారణం ఎంత ముడిపడి ఉందో చూసే లెక్క) వేశాను. వయసు, ఆడా మగా, జబ్బు, వార్డులో ఉన్న రోజులు, ఊరి దూరం, ఓపీకి వచ్చారా లేదా, ఇవన్నీ పెట్టాను. రెండు విషయాలు గట్టిగా కనిపించాయి. ఓపీకి ఫాలోఅప్‌కి వచ్చినవాళ్లు మళ్లీ చేరడం చాలా తక్కువ. దూరం ఊళ్లవాళ్లు చేరడం కూడా తక్కువే.

మొదటిది చూసి సంతోషపడ్డాను. రెండోది చూశాక నిద్ర పట్టలేదు. మందస, సోంపేట వైపు వాళ్లు శ్రీకాకుళం టౌన్ వాళ్లకంటే బాగుంటున్నారా? వార్డులో నేను చూస్తున్నది అది కాదు. తప్పు డేటాలో ఉందా, పద్ధతిలో ఉందా? వచ్చే నెల డిపార్ట్‌మెంట్‌లో చూపించాలి. చాలా టెన్షన్‌గా ఉంది.

లెక్కల_మాస్టారు, విజయనగరం:
అమ్మా, ముందు ఒక్క సంగతి చెప్పండి. 'కాదు' అని రాసిన వాళ్లందరూ ఆ 30 రోజులూ ఎక్కడున్నారో మీకు తెలుసా? లేక మీ రిజిస్టర్‌లో రెండోసారి పేరు కనబడలేదు కాబట్టి 'కాదు' అని రాశారా?

వంశధార_పీజీ:
రెండోదే సార్. పేరు కనబడలేదు కాబట్టి కాదు అని రాశాను.

లెక్కల_మాస్టారు:
అయితే సమస్య అక్కడే మొదలైంది. ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకి స్టాటిస్టిక్స్ చెప్పినవాణ్ణి, కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మీకు కావలసింది చేరారా లేదా అన్న ఒక్క ముక్క కాదు. డిశ్చార్జ్ అయిన రోజు నుంచి ఎన్నాళ్లు బయట ఉన్నారు అన్నది కావాలి. 3వ రోజున తిరిగొచ్చినవాడూ 29వ రోజున తిరిగొచ్చినవాడూ మీ పట్టికలో ఒకటే అయిపోయారు. 31వ రోజున వచ్చినవాడు పూర్తిగా బాగున్నవాడి పక్కన కూర్చున్నాడు. ఇలాంటి కాలం లెక్కలకి 1958లో కాప్లాన్, మైయర్ అనే ఇద్దరు ఒక పద్ధతి చెప్పారు. చేత్తో వేసి చూపిస్తాను. ఇవి అర్థం కావడానికి నేను కల్పించిన అంకెలు.

పదిమంది డిశ్చార్జ్ అయ్యారు అనుకుందాం. 20వ రోజున ఒకరు మళ్లీ చేరారు. పదిలో తొమ్మిది, అంటే 0.90. 40వ రోజున ఇద్దరు చెన్నైకి పనికి వెళ్లిపోయారు, ఆ తర్వాత వాళ్ల సంగతి తెలియదు. మిగిలింది ఏడుగురు. 60వ రోజున ఇంకొకరు చేరారు. ఏడులో ఆరు, అంటే 0.857. ఈ రెండూ గుణిస్తే 0.771. అరవై రోజులకి నూటికి 77 మంది బయట ఉన్నారన్నమాట.

మీ పద్ధతిలో అయితే చెన్నై వెళ్లిన ఇద్దరినీ బాగున్నవాళ్లలో కలిపి 80 అనేవారు. వాళ్లని తీసేసి వేస్తే ఎనిమిదిలో ఆరుగురు, అంటే 75 వచ్చేది. కాప్లాన్-మైయర్ ఆ ఇద్దరినీ 40వ రోజు వరకూ లెక్కలో ఉంచుకుంటుంది, ఆ తర్వాత వదిలేస్తుంది. తెలిసినంత మేరకే వాడుకోవడం అన్నమాట. దీన్నే సెన్సార్ చేయడం అంటాం.

బొబ్బిలి_బయోస్టాట్, హైదరాబాద్:
మాస్టారూ, నమస్తే. మాది బొబ్బిలి, ఇక్కడ క్లినికల్ ట్రయల్స్ డేటా మీద పనిచేస్తాను. మీ లెక్కకి కొనసాగింపుగా ఒకటి కలుపుతాను. మానసిక వార్డు డేటాలో చావుని చెన్నై ప్రయాణంలా సెన్సార్ చేస్తే తప్పు. చెన్నై వెళ్లినతను రేపు తిరిగొచ్చి చేరవచ్చు. చనిపోయినతను ఇక చేరలేడు. డిశ్చార్జ్ అయిన మొదటి వారాలు, మొదటి మూడు నెలలు ఆత్మహత్య ప్రమాదం బాగా ఎక్కువ ఉండే కాలం. అది మన డేటా నడిచే కాలం కూడా. కాబట్టి దీన్ని పక్కన పెట్టడానికి వీల్లేదు.

మాస్టారి అంకెలే ముందుకు తీసుకెళ్దాం. 60వ రోజు తర్వాత ఆరుగురు మిగిలారు. 80వ రోజున ఒకరు చనిపోయారు. 100వ రోజున ఒకరు మళ్లీ చేరారు. చావుని సెన్సార్ చేసి కాప్లాన్-మైయర్ వేస్తే 0.771 ని ఐదులో నాలుగుతో గుణించాలి. 0.617 వస్తుంది. అంటే నూటికి 38.3 మంది తిరిగి చేరారని చెబుతుంది. చావుని పోటీ సంఘటనగా, అంటే మళ్లీ చేరే అవకాశాన్నే తీసేసే సంఘటనగా తీసుకుంటే 80వ రోజున బయట బతికి ఉన్న వాటా 0.643 కి పడుతుంది. అందులో ఐదో వంతు 0.129. ముందటి 0.229 కి (ఒకటిలోంచి 0.771 తీస్తే మిగిలేది) అది కలిపితే 0.357, అంటే నూటికి 35.7. పదిమందిలోనే ఇంత తేడా వచ్చింది.

వార్డు_సిస్టర్:
డాక్టరమ్మా, నేను చాలా ఏళ్లు మానసిక వార్డులో స్టాఫ్ నర్సుగా చేశాను. మీ లెక్కలు నాకు అంతగా తెలియవు. రిజిస్టర్ సంగతి మాత్రం తెలుసు.

ఒకే మనిషి మూడుసార్లు చేరితే మూడు ఐపీ (వార్డులో చేరిన) నంబర్లు వస్తాయి. పేరు ఒకసారి అప్పలనర్సమ్మ, ఇంకోసారి అప్పలనరసమ్మ, మరోసారి ఇంటిపేరు వెనక్కి పోతుంది. వయసు ఎవరు తీసుకొచ్చారో వాళ్ల నోటిమాట. తమ్ముడు తెస్తే 35, మొగుడు తెస్తే 40. ఎక్సెల్‌లో పేరు పెట్టి వెతికితే దొరకదు. మీరు తిరిగి చేరలేదని రాసిన కొందరు అదే రిజిస్టర్‌లో నాలుగు పేజీల తర్వాత ఉండొచ్చు. ఊరు, తండ్రి లేదా భర్త పేరు, ఫోన్ నంబరు, ఈ మూడూ పెట్టి చేత్తో సరిచూడండి. నలుగురు కూర్చుంటే రెండు రోజుల పని.

ఇంకోటి. సెలవు మీద ఇంటికి పంపినవాళ్లని డిశ్చార్జ్ అని రాయకండి. పండక్కి తీసుకెళ్లి తిరిగి తెస్తారు. చట్టంలోనే ఆ సెలవు ఉంది. అది రీఅడ్మిషన్ కాదు.

మూడోది, నా మనసులో ఎప్పట్నుంచో ఉన్నది. వార్డులో ఎక్కువ రోజులు ఉన్నవాళ్లకి జబ్బు ఎక్కువ అని అనుకోకండి. మందులు పనిచేసి, మనిషి చక్కగా మాట్లాడుతూ, తోటివాళ్లకి జడలు వేస్తూ, తీసుకెళ్లేవాళ్లు రాక ఉండిపోయిన ఆడవాళ్లని నేను ఎందర్నో చూశాను. ఫోన్ చేస్తే కోతలయ్యాక వస్తాం అంటారు. కోతలవుతాయి, రారు. ఆ రోజులన్నీ మీ పట్టికలో జబ్బు తీవ్రత అయిపోతాయి. కేస్ షీట్‌లో 'ఫిట్ ఫర్ డిశ్చార్జ్' అని డాక్టరుగారు రాసిన తేదీ ఉంటుంది. ఆ తేదీ వేరే గడిలో పెట్టుకోండి.

వంశధార_పీజీ:
సిస్టర్, ఈ ఒక్క పోస్టు కోసమైనా ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషంగా ఉంది. ఫిట్ తేదీ గడి పెట్టాలని నాకు తట్టనే లేదు. ఈ రాత్రికే కేస్ షీట్లు తీయిస్తాను.

బొబ్బిలి_బయోస్టాట్:
సిస్టర్ గారు చెప్పిన తేదీల సంగతికి చట్టం కూడా కలపాలి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చి 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. దాని 89వ సెక్షన్ కింద, తనంతట తాను నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉన్న మనిషిని నామినేటెడ్ రిప్రజెంటేటివ్ (ఆ మనిషి తరఫున నిలబడే ప్రతినిధి) కోరిక మీద చేర్చుకుంటే 30 రోజుల వరకే. ఆ పైన ఉంచాలన్నా, డిశ్చార్జ్ అయిన 7 రోజుల్లోపే మళ్లీ చేర్చాలన్నా 90వ సెక్షన్ కిందకి వెళ్లాలి. అక్కడ ఇద్దరు సైకియాట్రిస్టులు విడివిడిగా చూడాలి, చట్టం కింద ఉండే మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డుకి తెలియజేయాలి.

కాబట్టి డాక్టర్ గారూ, వార్డులో ఉన్న రోజుల గ్రాఫ్ గీయండి. 30 దగ్గర గుట్టలా కనిపిస్తే అది జబ్బు లక్షణం కాకపోవచ్చు, సెక్షన్ కావచ్చు. అలాగే తిరిగి చేరిన రోజుల్లో 7కి ముందూ తర్వాతా తేడా ఉందేమో చూడండి. ఏ సెక్షన్ కింద చేరారో ఒక గడి ఉండాలి. తనంతట తాను వచ్చి చేరినవాళ్లని, బలవంతంగా తెచ్చినవాళ్లని ఒకే రీఅడ్మిషన్‌గా లెక్కిస్తే అర్థం చెడిపోతుంది. నిద్ర తగ్గుతోంది, మళ్లీ వస్తోంది అని తనే గుర్తించి సంచి సర్దుకుని వచ్చిన మనిషిని వైఫల్యం కింద ఎలా రాస్తాం?

ఇచ్ఛాపురం_అన్న:
నేను డాక్టర్నీ కాదు, లెక్కలవాణ్ణీ కాదు. మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా. దూరం ఊళ్లవాళ్లు తక్కువ చేరుతున్నారు అన్న మాట దగ్గర ఆగిపోయాను. అందుకే రాస్తున్నాను.

మొదటిసారి వాణ్ణి ఒక పెద్దాసుపత్రిలో చేర్చాం. ఇక్కణ్ణించి రెండు వందల కిలోమీటర్లు దాటి. డిశ్చార్జ్ రోజున పది రోజుల మందులు చేతిలో పెట్టారు. మళ్లీ ఎప్పుడు రావాలో, ఇక్కడ దగ్గర్లో ఎవరికి చూపించాలో ఎవరూ చెప్పలేదు. మందులయిపోయాక మూడో వారంలో మళ్లీ మొదలైంది. రాత్రిళ్లు నిద్రపోడు, గోడతో మాట్లాడతాడు. రైలెక్కిస్తే మధ్యలో దిగిపోతాడేమోనని భయం. పాతిక కిలోమీటర్లలో బరంపురం ఉంది. ఒడిశా అయితే ఏటి, అక్కడికే తీసుకెళ్లి చేర్చాం. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు కూడా బరంపురమే.

అంటే ఆ మొదటి ఆసుపత్రి కాగితంలో మా తమ్ముడు ఒక్కసారి చేరి, బాగయి, మళ్లీ రాని మనిషి. మీలాంటి వాళ్లు లెక్క కడితే మా వాడు మంచి ఫలితం కింద పడ్డాడు. నాకు ఎవరి మీదా కోపం లేదమ్మా. కానీ ఆ లెక్క చూసి ఎవరైనా, దూరం వాళ్లకి ఫాలోఅప్ అక్కర్లేదు అనుకుంటే మా అమ్మలాంటి వాళ్లు ఏమైపోతారు?

లెక్కల_మాస్టారు:
బాబూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. డాక్టరమ్మ రెండో ఫలితానికి జవాబు మీరే చెప్పారు. దూరం అన్నది ఇక్కడ జబ్బుని కొలవడం లేదు, మన చూపు ఎంతవరకు ఆనుతుందో కొలుస్తోంది. దూరం పెరిగేకొద్దీ మళ్లీ చేరడం తగ్గలేదు. చేరినా మనకి కనబడటం తగ్గింది.

నేను ముందు చెప్పిన సెన్సార్ పద్ధతికి కూడా ఇక్కడ ఒక షరతు ఉంది. కనబడకుండా పోయినవాళ్లూ కనబడుతున్నవాళ్లూ ఇకముందు ఒకే తీరుగా ఉంటారని ఆ లెక్క నమ్ముతుంది. మన జిల్లాల్లో అది నమ్మడం కష్టం. ఒళ్లు బాగుంటేనే మేస్త్రీ వెంట చెన్నై, హైదరాబాద్ వెళ్తారు, గుజరాత్‌లోని వేరావల్ పడవలెక్కుతారు. వాళ్లు మిగతావాళ్లకంటే బాగున్నవాళ్లు. ఇంకో పక్క గదిలో పెట్టి గొళ్లెం వేసినవాళ్లు, భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లినవాళ్లు కూడా కనబడరు. వాళ్లు మిగతావాళ్లకంటే బాగాలేనివాళ్లు. రెండు రకాల వాళ్లకీ రిజిస్టర్‌లో ఒకే ఖాళీ.

అందుకని రెండు చివరలూ వేసి చూడండి. కనబడకుండా పోయినవాళ్లంతా మర్నాడే ఎక్కడో చేరిపోయారని ఒకసారి, ఎవ్వరూ చివరిదాకా చేరలేదని ఇంకోసారి. రెండు జవాబులూ దగ్గరగా ఉంటే ధైర్యంగా రాయండి. దూరంగా ఉంటే ఆ దూరాన్నే థీసిస్‌లో రాయండి. ఆపైన ఫోన్లు చేయండి. ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని, ఎక్కడైనా చేరారా, ఏ ఊళ్లో, ఏ తేదీల్లో అని ఇంటివాళ్లని అడగండి. ఏ మోడలూ ఆ ఫోన్ చేసే పని చేయదు.

వంశధార_పీజీ:
అన్నా, మీ పోస్టు ప్రింట్ తీసుకుని నా బల్ల మీద పెట్టుకున్నాను. దూరం గురించి నేను రాసిన పేరా తీసేశాను.

మాస్టారూ, నా మొదటి ఫలితమైనా నిలుస్తుందా? ఓపీకి వచ్చినవాళ్లు మళ్లీ చేరడం తక్కువ అన్నది?

బొబ్బిలి_బయోస్టాట్:
అది కూడా ఇప్పుడున్న రూపంలో నిలవదు డాక్టర్ గారూ. బాధపడకండి, పేరున్న పత్రికల్లో వచ్చిన పేపర్లలో కూడా ఈ పొరపాటు దొర్లింది.

14వ రోజున ఓపీకి రావాలంటే 14 రోజులపాటు వార్డులో చేరకుండా బయట ఉండాలి కదా. 5వ రోజునే తిరిగి చేరినతనికి ఓపీకి వచ్చే అవకాశమే లేదు. అతన్ని మీరు 'ఓపీకి రానివాడు' అన్న గుంపులో వేశారు. ఓపీకి వచ్చినతనికేమో ఆ 14 రోజులూ ఊరికే కలిసొచ్చాయి. ఓపీ ఏ మేలూ చేయకపోయినా మేలు చేసినట్టే కనిపిస్తుంది. దీన్ని ఇమ్మోర్టల్ టైమ్ బయాస్ అంటారు.

సరిచేయడం కష్టం కాదు. ఒక్కో మనిషికి వరుసలు విడగొట్టండి. 14వ రోజున ఓపీకి వచ్చి 45వ రోజున తిరిగి చేరితే, 0 నుంచి 14 వరకు ఒక వరుస, అందులో ఓపీ సున్నా. 14 నుంచి 45 వరకు రెండో వరుస, అందులో ఓపీ ఒకటి. 1972లో డేవిడ్ కాక్స్ ఇచ్చిన మోడల్, అంటే ఏ కారణం ఉంటే సంఘటన త్వరగా జరుగుతుందో చూసే లెక్క, ఇలాంటి వరుసల్ని తీసుకుంటుంది. ఆర్ (R) అనే లెక్కల సాఫ్ట్‌వేర్ ఉచితం, సర్వైవల్ ప్యాకేజీలో ఇది ఉంది. ఎలా వేయాలో స్క్రిప్ట్ పంపుతాను.

లెక్కల_మాస్టారు:
బొబ్బిలి బాబు చెప్పింది సరైనది. అయితే చావుని పోటీగా పెట్టాక కాక్స్ కాకుండా ఫైన్, గ్రే 1999లో చెప్పిన మోడల్ వాడితే మంచిది కదా?

బొబ్బిలి_బయోస్టాట్:
అక్కడ మాత్రం మీతో ఏకీభవించలేను మాస్టారూ. ఏది వాడాలన్నది ప్రశ్నని బట్టి ఉంటుంది. డిశ్చార్జ్ అయిన వందమందిలో ఆరు నెలలకి ఎంతమంది తిరిగొస్తారు, ఎన్ని మంచాలు సిద్ధంగా ఉంచాలి అన్న ప్రశ్నకి ఫైన్-గ్రే. ఎందుకు చేరుతున్నారు అన్న ప్రశ్నకి ఆ సంఘటనకే వేసిన కాక్స్. ఫైన్-గ్రేలో చనిపోయినవాళ్లు కూడా లెక్క కోసం 'ఇంకా చేరగలిగినవాళ్ల'లోనే ఉండిపోతారు. ఒక మందు వల్ల చావులు పెరిగితే, తిరిగి చేరడం తగ్గించిన మందులా అది కనబడవచ్చు. డాక్టర్ గారి ప్రశ్న ఎందుకు అన్నది.

లెక్కల_మాస్టారు:
ఒప్పుకుంటున్నాను. థీసిస్ శీర్షికలో 'ఎందుకు' ఉంది కాబట్టి కాక్స్. చావులకి కూడా అలాంటిదే ఇంకో మోడల్ వేసి పక్కన పెట్టండి. వంపుగీతలు గీసేటప్పుడు మాత్రం మీరు 35.7 తెచ్చిన పద్ధతే వాడాలి.

కాక్స్‌కి ఒక షరతు ఉందమ్మా. ఒక కారణం ప్రభావం మొదటి వారంలో ఎంతో ఆరో నెలలో కూడా అంతే అనుకుంటుంది. మందులు మానేయడం లాంటివి అలా ఉండవు. షోన్‌ఫెల్డ్ అవశేషాలు (ఈ షరతు నిలుస్తుందో లేదో చూపే గ్రాఫ్) గీసి చూడండి. అలాగే తిరిగి చేరిన సంఘటనలు తక్కువగా ఉంటే పన్నెండు కారణాలు కుక్కకండి. ఒక్కో కారణానికి పది సంఘటనలైనా ఉండాలన్నది పాత లెక్క. ఏవి ఉంచాలో డేటా చూడకముందే రాసిపెట్టుకోండి.

డీఎంహెచ్‌పీ_వర్కర్, విజయనగరం:
ఆలస్యంగా చూశాను. నేను జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో (డీఎంహెచ్‌పీ) పనిచేస్తాను. మా దగ్గర తరచూ చేరేవాళ్లకి నెలకోసారి ఇచ్చే ఇంజెక్షన్ మొదలుపెట్టాం. ముందు ఏడాది అడ్మిషన్లు, తర్వాత ఏడాది అడ్మిషన్లు పోల్చి చూస్తే బాగా తగ్గాయి. ఇది సరైన పద్ధతేనా?

లెక్కల_మాస్టారు:
ఇంజెక్షన్ మంచిదే అయి ఉండొచ్చు. కానీ మీరు మనుషుల్ని ఎంచుకున్నదే వాళ్ల జీవితంలో అతి చెడ్డ ఏడాది చూసి. అతి చెడ్డ ఏడాది తర్వాత వచ్చే ఏడాది, ఏమీ చేయకపోయినా కాస్త మెరుగ్గానే ఉంటుంది. 1886లో గాల్టన్ అనే శాస్త్రవేత్త తల్లిదండ్రుల ఎత్తూ పిల్లల ఎత్తూ కొలిచి, బాగా పొడుగువాళ్ల పిల్లలు సగటు వైపు కాస్త జరుగుతారని చూపించిన సంగతే ఇది. అంతే తరచుగా చేరుతూ ఇంజెక్షన్ తీసుకోనివాళ్లతో పోల్చండి.

వంశధార_పీజీ:
ఇంకొక్క సందేహం. నాలుగైదుసార్లు చేరినవాళ్లున్నారు. వాళ్ల మొదటి రీఅడ్మిషన్ మాత్రమే తీసుకోవాలా?

బొబ్బిలి_బయోస్టాట్:
అన్నీ తీసుకోండి. మొదటిదే తీసుకుంటే ఇచ్ఛాపురం అన్న వాళ్ల తమ్ముడిలాంటి కథలో మూడు రీఅడ్మిషన్లలో రెండు వదిలేసినట్టే. అండర్సన్-గిల్ పద్ధతి 1982లో వచ్చింది. అది ప్రతి చేరికనీ ఒకే తీరుగా చూస్తుంది. అంతకుముందు ఏడాది ప్రెంటిస్, విలియమ్స్, పీటర్సన్ చెప్పిన పద్ధతి ఎన్నోసారి చేరిక అన్నది విడివిడిగా చూస్తుంది. మన డేటాకి రెండోదే నప్పుతుంది. రెండోసారి చేరిన మనిషి మూడోసారి చేరే అవకాశం మొదటిసారి వచ్చినతనితో సమానంగా ఉండదు. ప్రతి డిశ్చార్జ్ నుంచీ గడియారం మళ్లీ సున్నా చేయండి, వార్డులో ఉన్న రోజులు లెక్కలోకి రావు. ఒకే మనిషి వరుసలన్నిటికీ ఒకే గుర్తింపు సంఖ్య ఇచ్చి రోబస్ట్ వేరియన్స్ (ఆ వరుసలన్నీ ఒకే మనిషివని గుర్తుంచుకుని వేసే పొరపాటు అంచనా) అడగండి.

వంశధార_పీజీ:
గైడ్ సార్‌తో మాట్లాడాను. కోప్పడతారనుకున్నాను. కానీ అంతా విని, ఎథిక్స్ కమిటీకి రాయి, ఫోన్ల పని మొదలుపెడదాం అన్నారు. పేర్లు సరిచూడటానికి ఇద్దరు ఇంటర్న్‌లని ఇచ్చారు. ఫోన్‌లో అడగడానికి ఒక పేజీ ఫారం తయారు చేశాను. ఇబ్బందిలో ఉన్న ఇంటివాళ్లు దొరికితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలిమానస్ నంబరు 14416 చెప్పడం, దగ్గర్లో ఓపీ ఎక్కడుందో చెప్పడం కూడా అందులో పెట్టాను.

ఇచ్ఛాపురం అన్నా, మీ తమ్ముడు నా రిజిస్టర్‌లో లేరు. అయినా ఫారం నింపడానికి వీలుగా ఉందో లేదో ఒకసారి చూసి చెబుతారా? పేరు, నంబరు ఇక్కడ పెట్టకండి.

ఇచ్ఛాపురం_అన్న:
చూశానమ్మా. అమ్మ పక్కన కూర్చుని నింపాను. చీటీలన్నీ ట్రంకు పెట్టెలో ఉన్నాయి. ఒక్క గడి దగ్గర ఆగిపోయాను. 2018లో బరంపురంలో చేరిన తేదీ ఉంది, బయటికొచ్చిన తేదీ లేదు. తిత్లీ తుపానుకి పైకప్పు లేచిపోయి పెట్టె తడిసింది, సిరా కరిగిపోయింది.

లెక్కల_మాస్టారు:
ఖచ్చితమైన తేదీ అక్కర్లేదు బాబూ. అప్పటికి ఇంకా వార్డులోనే ఉన్నాడని మీకు గట్టిగా గుర్తున్న రోజు ఒకటి, అప్పటికి ఇంటికొచ్చేశాడని గుర్తున్న రోజు ఒకటి చెప్పండి. ఆ రెండిటి మధ్య అని రాసినా లెక్క పనిచేస్తుంది. డాక్టరమ్మా, మీ ఫారంలో ప్రతి తేదీకి రెండు గడులు పెట్టండి.

ఇచ్ఛాపురం_అన్న:
వినాయక చవితి నాడు వార్డులో ఉన్నాడు, అమ్మ ఉండ్రాళ్లు పట్టుకెళ్లింది. తుపాను రాత్రి ఇంట్లో ఉన్నాడు. తలుపు ఊడిపోకుండా నేనూ వాడూ తెల్లవార్లూ పట్టుకుని నిలబడ్డాం.

వంశధార_పీజీ:
అయితే సెప్టెంబర్ 13కీ అక్టోబర్ 10కీ మధ్య. రెండు గడులూ పెట్టాను అన్నా.